మీ నంబరు చెప్పండి మేడమ్

చీర నచ్చింది, ధర కుదిరింది, డబ్బు చేతిలో ఉంది. బిల్లు కౌంటర్ దగ్గర కుర్రాడు కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే "మీ నంబరు చెప్పండి మేడమ్" అంటాడు. ఎందుకని అడగాలని ఆమెకు అనిపిస్తుంది. వెనకాల వరసలో నలుగురు నిలబడి ఉన్నారు. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి పది అంకెలూ గడగడా చెప్పేస్తుంది. సాయంత్రానికి ఫోనులో ఆఫర్ల మెసేజీలు మొదలవుతాయి.

నంబరు ఇవ్వనివారికి చీర అమ్మకూడదని ఏ చట్టమూ చెప్పలేదు. 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ సరిగ్గా ఈ సంగతి మీదే రిటైల్ వ్యాపారులకు హెచ్చరిక పంపింది. కొనుగోలుదారు నంబరు ఇవ్వనన్నాడని సరుకు ఇవ్వకపోవడం, బిల్లు కొట్టకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి అవుతుందని తేల్చి చెప్పింది. అయినా కౌంటర్ దగ్గర ఆ ప్రశ్న ఆగలేదు.

పది అంకెలతో ఎవరికేం ఒరుగుతుంది అనుకునేవాళ్ళు హైదరాబాద్ పక్కన జరిగినదాన్ని గుర్తు చేసుకోవాలి. అదే ఏడాది మార్చిలో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. వాళ్ళ దగ్గర అమ్మకానికి ఉన్నవి 16.8 కోట్ల మంది వివరాలు. పది రోజులు తిరక్కుండానే ఇంకో అరెస్టు జరిగింది. ఈసారి 24 రాష్ట్రాలకు, 8 మహానగరాలకు చెందిన 66.9 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల సమాచారం బయటపడింది. ప్రభుత్వోద్యోగులు, విద్యార్థులు, వయోవృద్ధులు, పాన్ కార్డుదారులు, డీమ్యాట్ ఖాతాదారులు... సంతలో మిర్చి రకాలు కుప్పలు పోసినట్టు మనుషుల్ని వర్గాలుగా విడదీసి పెట్టారు. బ్యాంకు నుంచి ఫోన్ చేస్తున్నామంటూ మన పేరు పెట్టి పిలిచే మోసగాడికి ఆ పేరు ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు ఇలాంటి కుప్పల్లోనే దొరుకుతుంది.

నంబరైతే మార్చుకోవచ్చు. వేలిముద్రను మార్చుకోలేం.

2018లో పెద్దపల్లి జిల్లాలో వెలుగుచూసిన ఉదంతం ఈ మాటకు సాక్ష్యం. సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యాపారి, కంపెనీ పెట్టిన టార్గెట్ అందుకోవడానికి దారి వెతికాడు. తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్లో భూముల దస్తావేజులు దొరికేవి. అందులో అమ్మినవారి, కొన్నవారి వేలిముద్రలున్నాయి, పక్కనే ఆధార్ నంబర్లున్నాయి. ఆ ముద్రలకు నకళ్ళు తయారుచేసి, వాటితోనే వేల సంఖ్యలో సిమ్ కార్డులను యాక్టివేట్ చేశాడని పోలీసులు తేల్చారు. తాళాలు బద్దలుకొట్టింది లేదు, కంప్యూటర్లలోకి దొంగతనంగా చొరబడిందీ లేదు. పొలం అమ్ముకున్న రైతు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమ్మకంతో వేసిన ముద్ర, అతనికి తెలియని ఫోన్ కనెక్షన్‌కు హామీగా మారిపోయింది. తీసుకున్నది ఒక పనికి, వాడింది మరో పనికి. వ్యక్తిగత సమాచారం విషయంలో నమ్మకం తెగిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఆ దస్తావేజును బయట పెట్టేముందు ముద్రను, ఆధార్ అంకెలను కప్పేసి ఉంటే సరిపోయేది.

అందుకే ఏ సంస్థనైనా మొదట అడగాల్సింది తాళం ఎంత గట్టిదని కాదు. అసలు ఇదంతా మీ దగ్గర ఎందుకుంది అని.

కార్డుల విషయంలో రిజర్వ్ బ్యాంకు ఈ ప్రశ్నే వేసింది. ఒకప్పుడు ఆన్‌లైన్లో బట్టలు కొన్నా, భోజనం తెప్పించుకున్నా మన కార్డు నంబరు ఆ కంపెనీ కంప్యూటర్లోనే ఉండిపోయేది. 2022 అక్టోబరు 1 నుంచి వ్యాపారులు అలా దాచుకోవడానికి వీల్లేదు. కార్డుకు బదులుగా ఒక టోకెన్ మాత్రమే ఉంచుకోవాలి. సినిమా హాలు సైకిల్ స్టాండులో ఇచ్చే బిళ్ల లాంటిదే ఇది. ఆ బిళ్ల ఇంకో స్టాండులో చెల్లదు. ఒక కంపెనీ నుంచి టోకెన్లు దొంగల పాలైనా, వాటితో మరోచోట కొనుగోళ్ళు చేయడం కుదరదు. సామాన్యుడికి అంతగా తెలియకుండానే అమల్లోకి వచ్చిన మంచి మార్పు ఇది. లేనిదాన్ని ఎవరూ దొంగిలించలేరన్న సూత్రం మీద నిలబడింది కాబట్టి దీన్ని మెచ్చుకోవాలి.

పాస్‌వర్డుల దగ్గరా పద్ధతి తెలిసిన సంస్థలు ఇంచుమించు ఇలాగే చేస్తాయి. మనం టైపు చేసినదాన్ని ఉన్నదున్నట్టు దాచవు. ఒక గణిత ప్రక్రియలో నూరి, ఆ ముద్దను మాత్రం ఉంచుకుంటాయి. రోట్లో నూరిన పచ్చడిలోంచి మళ్ళీ మిరపకాయను తీయలేనట్టే, దాన్ని చూసి అసలు పాస్‌వర్డు తేల్చడం చాలా కష్టం. మరిచిపోయామని చెబితే పాత పాస్‌వర్డునే తిరిగి మెయిల్లో పంపే వెబ్‌సైటు కనిపిస్తే జాగ్రత్తపడాలి. అది నూరడం లేదన్నమాట.

ఆధార్‌కూ ఒక వెసులుబాటు ఉంది. పన్నెండు అంకెల్లో చివరి నాలుగే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను అధికారిక వెబ్‌సైట్ నుంచి దింపుకోవచ్చు. జిరాక్స్ షాపులో పూర్తి నంబరుతో పది కాపీలు తీయించి ఊరంతా పంచేకంటే ఇది ఎంతో మేలు.

ఎంత జాగ్రత్తపడినా ఏదో ఒకరోజు సమాచారం పోవచ్చు. అప్పుడు సంస్థ ఏం చేస్తుందన్నదే అసలు పరీక్ష. 2016లో ఉబర్ కంపెనీ నుంచి ప్రపంచవ్యాప్తంగా 5.7 కోట్ల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరాలు పోయాయి. కంపెనీ ఎవరికీ చెప్పలేదు. హ్యాకర్లకు లక్ష డాలర్లు ముట్టజెప్పి నోరు మూయించింది. 2017 నవంబరులో కొత్త యాజమాన్యం నిజం ఒప్పుకుంది. ఆ తర్వాతి ఏడాది అమెరికా రాష్ట్రాలకు 14.8 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించాల్సి వచ్చింది. అప్పట్లో భద్రతా విభాగానికి అధిపతిగా ఉన్న అధికారిని 2022లో కోర్టు దోషిగా తేల్చింది. పోగొట్టుకున్నందుకు కాదు, దాచిపెట్టినందుకు.

మన దేశంలో వ్యక్తిగత సమాచారాన్ని కాపాడుకునే హక్కుకు పునాది పడింది 2017 ఆగస్టు 24న. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి ఆధార్‌ను ప్రశ్నిస్తూ వేసిన కేసులో, గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. కృష్ణా జిల్లా వాసి జస్టిస్ జాస్తి చలమేశ్వర్, తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చిన జస్టిస్ అబ్దుల్ నజీర్ ఆ తొమ్మిది మందిలో ఉన్నారు. ఆరేళ్ళకు, 2023 ఆగస్టులో, డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. నిబంధనలు రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది. ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి అక్కడి నుంచి మరో 18 నెలల గడువిచ్చారు.

అవి అమల్లోకి వచ్చాక, సమాచారానికి తగిన భద్రత కల్పించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. డేటా పోతే ఆ సంగతి బాధితులకు ఆలస్యం చేయకుండా చెప్పాలి, పూర్తి వివరాలు 72 గంటల్లో డేటా రక్షణ బోర్డుకు అందించాలి. ఏ వివరం ఎందుకు తీసుకుంటున్నారో తెలిపే నోటీసును తెలుగులో చదువుకునే వీలు కల్పించాలి. ఇచ్చిన అనుమతిని ఎంత సులువుగా ఇచ్చామో అంతే సులువుగా వెనక్కి తీసుకోగలగాలి. ఇవన్నీ మంచివే. అయితే ప్రభుత్వ సంస్థలకు విస్తృతంగా మినహాయింపులిచ్చే అవకాశం ఈ చట్టంలో ఉంది. పెద్దపల్లిలో వాడిన ముద్రలు వచ్చింది ప్రభుత్వ వెబ్‌సైట్ నుంచే కదా, ఆ రైతు కోణంలో చూస్తే ఇది చిన్న లోటు కాదు. ఇంకొకటి, కాగితాల మీద మాత్రమే ఉన్న సమాచారానికి ఈ చట్టం వర్తించదు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ రాయించే రిజిస్టరు దీని కిందికి రాదు. అదే వివరాలు యాప్‌లోకి ఎక్కితే వస్తాయి.

ఇప్పటికే చెప్పేసిన నంబర్ల సంగతేమిటి? చట్టం వాటినీ వదల్లేదు. పాత అనుమతితో తీసుకున్న సమాచారాన్ని ఇంకా వాడుకుంటున్న సంస్థ, తన దగ్గర ఏముందో, దేనికి వాడుతోందో తెలుపుతూ వీలైనంత త్వరగా నోటీసు పంపాలి. అది అందాక, చీరల షాపులో మొహమాటానికి చెప్పిన ఆ పది అంకెలనూ చెరిపేయమని ఆమె అడగవచ్చు.