యూరియా నుండి కాంతి ఉత్ప్రేరకం: తయారీ పద్ధతి, రంధ్ర నిర్మాణం

పిచికారీ పరికరాలను కడిగిన నీటిలో మిగిలే పురుగుమందుల అవశేషాలను కాంతి సహాయంతో విచ్ఛిన్నం చేయగల పదార్థాలలో గ్రాఫైటిక్ కార్బన్ నైట్రైడ్ ఒకటి. లేత పసుపు రంగు గల ఈ పొడి సుమారు 460 నానోమీటర్ల వరకు దృశ్యకాంతిని గ్రహిస్తుంది.

మెలమైన్‌ను గాని, యూరియాను గాని మఫిల్ ఫర్నేస్‌లో సుమారు 550 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడిచేసి దీనిని తయారు చేయవచ్చు. పదార్థం ఒకటే అయినా నిర్మాణం వేరు. మెలమైన్ నుండి లభించేది గట్టి ముద్ద; దాని ఉపరితల వైశాల్యం సాధారణంగా గ్రాముకు 10 చదరపు మీటర్ల ప్రాంతంలోనే ఉంటుంది. యూరియా అణువులో ఆక్సిజన్ ఉన్నందున అమ్మోనియాతో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా వెలువడుతుంది. ఈ వాయువులు బయటకు వచ్చేటప్పుడు పొరలను విడదీసి రంధ్రాలను మిగులుస్తాయి. వైశాల్యం అనేక రెట్లు పెరుగుతుంది. అయితే దిగుబడి మాత్రం స్వల్పం. మూసకు మూత పెట్టినా 100 గ్రాముల యూరియాకు కొద్ది గ్రాముల పొడే దక్కుతుంది. మూత లేకుంటే అదీ తగ్గుతుంది.

వైశాల్యం పెరిగినంత మాత్రాన ఉత్ప్రేరక శక్తి అదే నిష్పత్తిలో పెరుగదు. నిర్మాణ లోపాలు అధికమైనచోట కాంతి వలన విడివడిన ఎలక్ట్రాన్లు, హోల్‌లు చర్యలో పాల్గొనకముందే తిరిగి కలిసిపోవచ్చు. పైగా రంధ్రాలు గల పొడి పురుగుమందును చీకటిలోనూ అధిశోషణం చేసుకుంటుంది. కావున ద్రావణాన్ని అధిశోషణ సమతాస్థితి ఏర్పడే వరకు చీకటిలో కలియబెట్టి, ఆ గాఢతను కొలిచిన తరువాతనే కాంతికి గురిచేయవలెను. లేనిచో పొడిలో చిక్కుకొన్న మందు విచ్ఛిన్నమైనట్లు లెక్కకు వస్తుంది.