పాత మహల్లాల పరిరక్షణ: ట్యునిస్ నగరపు అనుభవం

పాత పట్టణాలను కాపాడాలన్న మాట రాగానే సాధారణంగా మన చూపు మినార్లమీదికీ గుంబజ్‌లమీదికీ పోతుంది. కాని ఏ కట్టడమూ తనంతట తాను నిలవదు. ఏటేటా పైకప్పుకు సున్నం వేయించేవాడు, మోరీ పూడిక తీయించేవాడు, పుచ్చిన దూలం మార్పించేవాడు ఉన్నంతకాలమే అది నిలుస్తుంది. ఆ బాధ్యత ఎవరిది? దానికి డబ్బు ఎక్కడినుంచి రావాలి? పరిరక్షణలో అసలు ప్రశ్న ఇదే. ఉత్తరాఫ్రికాలోని ట్యునీషియా రాజధాని ట్యునిస్ ఈ ప్రశ్నకు వెనుకటినుంచి తనకున్న సమాధానాన్ని ఇరవయ్యవ శతాబ్దంలో పోగొట్టుకొని, మరొక సమాధానాన్ని వెదుక్కోవలసి వచ్చింది. అందుకే దాని అనుభవం పరిశీలించదగినది.

మదీనా స్వరూపం

క్రీ.శ. ఏడవ శతాబ్దం చివర హస్సాన్ బిన్ నుఅమాన్ కార్తేజ్‌ను జయించిన తరువాత ట్యునిస్ ముస్లిమ్ నగరంగా రూపు దిద్దుకొన్నది. జైతూనా జామె మస్జిద్ దానికి కేంద్రం. పదమూడవ శతాబ్దంనుంచి పదహారవ శతాబ్దం వరకు హఫ్సీ సుల్తానుల రాజధానిగా అది ఇస్లామీయ ప్రపంచపు సంపన్న నగరాలలో ఒకటిగా వెలిగింది. చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ 1332లో ఇక్కడనే జన్మించాడు.

నగరపు అమరికలో ఒక క్రమమున్నది. మస్జిద్ గోడలను ఆనుకొని అత్తరు వర్తకుల బజారు. దాని చుట్టూ బట్టల బజార్లు. వాసన, పొగ, చప్పుడు గల రంగరేజుల, కమ్మరుల వృత్తులు అంచులకు. బజార్ల వెనుక నివాసపు మహల్లాలు. ట్యునిస్ ప్రజలు మహల్లాను 'హౌమా' అంటారు. వీధిలోనుంచి చూస్తే ఎత్తైన గోడ, ఒక తలుపు మాత్రమే కనిపిస్తాయి. ఇంటి వెలుతురంతా లోపలి చావడిలో ఉంటుంది. హైదరాబాదు పాత దేవిడీలను చూసినవారికి ఈ కట్టుబడి సులభంగానే అర్థమవుతుంది.

ఈ ఇరుకైన నగరంలో ఇరుగుపొరుగుల హక్కులను నిర్ణయించింది ధర్మశాస్త్రమే. పద్నాలుగవ శతాబ్దపు ఆరంభంలో ట్యునిస్‌లో ఇబ్న్ అర్రామీ అనే తాపీమేస్త్రీ ఉండేవాడు. కట్టడాల తగాదాలలో ఖాజీ ఆయనను నిపుణునిగా పంపించేవాడు. ఒకరి కిటికీనుంచి మరొకరి చావడి కనబడరాదు; ఉమ్మడిగోడను ఇరువురూ కాపాడుకోవాలి; తిరగలి అదురుడుకు పక్కగోడ బీటలు వారరాదు; మూసుకుపోయే సందు ఆ సందువాళ్లందరి ఉమ్మడి సొత్తు. ఇటువంటి వ్యవహారాలన్నిటినీ ఆయన 'అల్ ఇఅలాన్ బి అహ్కామిల్ బున్యాన్' అనే గ్రంథంలో కూర్చాడు. వీటన్నిటికీ మూలం, ఎవరూ ఎవరికీ హాని చేయరాదన్న దైవప్రవక్త (స) ఆదేశమే. మహల్లా రూపురేఖలను గీసింది నక్షా కాదు, పొరుగువాని హక్కు.

వక్ఫ్ నిర్వహించిన పని

హక్కులను ఖాజీ చూశాడు. మరి ఖర్చు? దానిని వక్ఫ్ భరించింది. ట్యునీషియాలో వక్ఫ్‌ను 'హుబుస్' అంటారు. రెండు పదాలకూ ఆపి ఉంచడమే అర్థం. ఆస్తిని అమ్మకుండా, పంచకుండా ఆపి ఉంచి, దాని ఫలాన్ని సత్కార్యానికి వినియోగించడం. దుకాణపు అద్దె, ఆలివు తోట రాబడి మస్జిద్‌కూ, మద్రసా విద్యార్థులకూ, వీధిలోని నీటికుండీకీ చేరేవి. ఇక్కడ ఫిఖ్హ్‌లోని ఒక నియమం గమనార్హం. వక్ఫ్ ఆదాయంపై తొలి హక్కు లబ్ధిదారులది కాదు, మరమ్మతుది. 'ఇమారత్', అనగా ఆస్తిని బాగుచేసి నిలబెట్టడం, పూర్తయిన తరువాతనే మిగిలినది పంచాలి. ఎన్నో తరాలు పాత నగరం నిలిచి ఉండటంలో ఈ చిన్న నియమానికి పెద్ద పాలున్నది.

అయితే వక్ఫ్ వ్యవస్థ లోపరహితంగా నడిచిందని చెప్పలేము. ముతవల్లీల అవకతవకలను అరికట్టడానికే మంత్రి ఖైరుద్దీన్ పాషా 1874లో 'జమ్‌ఇయ్యతుల్ అహ్‌బాస్' అనే పర్యవేక్షక సంస్థను నెలకొల్పాడు. 1881లో ఫ్రెంచి ఆధిపత్యం వచ్చింది. 1898 శాసనంతో హుబుస్ భూములను ఫ్రెంచి వలసదారులకు అప్పగించడం మొదలయింది.

శిథిలత ఎలా వచ్చింది?

ఫ్రెంచివారు పాత నగరాన్ని పడగొట్టలేదు. దాని తూర్పున, సరస్సువైపు, కొత్త నగరాన్ని కట్టారు. అధికారం, వ్యాపారం అక్కడికి తరలిపోయాయి. 1956లో స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మదీనాలోని సంపన్న కుటుంబాలు కూడా కొత్త పేటలకు వెళ్లాయి. పల్లెలనుంచి పని వెదుక్కుంటూ వచ్చిన పేదలు ఆ ఇండ్లలో గదికొక కుటుంబంగా చేరారు. అలాంటి ఇంటికి 'వకాలా' అని పేరు వచ్చింది. ఒకప్పుడు దూరదేశపు వర్తకులు దిగే సత్రానికి ఉన్న పేరు అది. కట్టడంతోపాటు మాటకూ దుర్దశ పట్టింది.

ఇదే సమయంలో కొత్త ప్రభుత్వం 1956 మే 31న ప్రజా వక్ఫ్‌లను, 1957 జూలై 18న కుటుంబ వక్ఫ్‌లను, మిశ్రమ వక్ఫ్‌లను రద్దు చేసింది. దీని ఫలితం ఇండ్లమీద కూడా పడింది. పంచరానిదిగా ఉన్న ఆస్తి వారసుల మధ్య వాటాలయింది. పదిమంది యజమానులున్న ఇంటికి పైకప్పు కారితే బాగుచేయించేవాడు ఒక్కడూ ఉండడు. అద్దె తీసుకొనేవాళ్లున్నారు, ఇమారత్ చేయించే కర్త లేడు. జైతూనాలోని పాత విద్యావిధానం అంతరించగా చుట్టుపక్కల మద్రసాలూ విద్యార్థులు లేక ఖాళీ అయ్యాయి. పైగా కొత్త నగరపు ప్రధాన మార్గాన్ని మదీనా నడుమనుంచి కస్బా దాకా పొడిగించే ఆలోచన కూడా సాగింది. అది నెరవేరి ఉంటే మదీనా రెండు ముక్కలయ్యేది.

సంరక్షణ సంఘం

ఈ పరిస్థితిలో 1967లో ట్యునిస్ పురపాలక సంఘం ఆధ్వర్యాన మదీనా సంరక్షణ సంఘం ఏర్పడింది. దాని అరబీ పేరు 'జమ్‌ఇయ్యతు సియానతి మదీనతి తూనిస్'. 'సియానత్' అంటే కేవలం భద్రపరచడం కాదు, కనిపెట్టుకొని బాగుచేస్తూ ఉండడం. ఇమారత్‌కు దగ్గరి మాట. మదీనాలోని దార్ లస్రమ్ అనే పాత భవనాన్ని బాగుచేసుకొని సంఘం అక్కడే కార్యాలయం పెట్టుకొన్నది. వాస్తుశిల్పులు, చరిత్రకారులు, సమాజశాస్త్రజ్ఞులు కలిసి ఇండ్లను పరిశీలించి, కట్టడం స్థితితోపాటు అందులో నివసించేవారి స్థితిని కూడా లెక్కలోకి తీసుకొన్నారు. మార్గం పొడిగింపు ఆలోచన వెనక్కు పోయింది. 1979లో యునెస్కో ఈ మదీనాను ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. సుమారు 700 చారిత్రక కట్టడాలు ఇందులో ఉన్నాయి.

సంఘం చేపట్టిన పనులలో హఫ్సియా పేట ముఖ్యమైనది. అది ఒకనాటి యూదుల మహల్లా. ఆరోగ్యానికి హానికరమన్న కారణంతో 1930లనుంచి దానిలో చాలా భాగాన్ని పడగొట్టారు. నగరం నడుమ ఖాళీస్థలం మిగిలింది. అక్కడ బహుళ అంతస్తుల భవనాలు లేపకుండా, 1973–77 మధ్య పాత పద్ధతిలోనే చావడి గల 95 ఇండ్లను, పైకప్పు గల బజారును కట్టి, తెగిపోయిన వీధులను మళ్లీ కలిపారు. దీనికి 1983లో ఆగా ఖాన్ వాస్తు పురస్కారం లభించింది.

అయితే ఆ ఇండ్లు ఎక్కువగా మధ్యతరగతి చేతికి పోయాయనీ, పేదలకు అందలేదనీ విమర్శ వచ్చింది. విమర్శ న్యాయమైనదే. రెండవ దశలో పద్ధతి మారింది. ప్రపంచబ్యాంకు ఋణం తోడయింది. స్థలాల విక్రయంవల్ల వచ్చిన లాభాన్ని పేదల అవసరాలకు మళ్లించారు. పాత ఇండ్ల యజమానులకు మరమ్మతు అప్పులు ఇచ్చారు. ఈ దశకు 1995లో అదే పురస్కారం మరల దక్కింది.

1990లలో వకాలాల సమస్యను చేపట్టారు. కూలడానికి సిద్ధంగా ఉన్న ఇండ్లనుంచి కుటుంబాలను తరలించి నగరం వెలుపల కొత్త ఇండ్లిచ్చారు. ప్రాణాలకు ముప్పు తప్పింది. కాని బజారులో కూలి చేసుకొనేవాడికి బజారు దూరమయింది. పక్కింటివాడు పక్కింటివాడుగా మిగలలేదు. గోడ దక్కి హౌమా చెదిరితే దానిని పూర్తి పరిరక్షణ అనవచ్చునా? ఈ ప్రశ్న ఇప్పటికీ తీరలేదు. 2011 విప్లవం తరువాత పర్యవేక్షణ సడలి అనుమతిలేని కట్టడాలు పెరిగాయి. కొన్ని పాత ఇండ్లు యాత్రికుల వసతిగృహాలయ్యాయి. వాటి గోడలు మెరుస్తున్నాయి. కాని వాటిలో దిగేవారు నాలుగు దినాల అతిథులు, మహల్లావాసులు కారు.

గ్రహించవలసినది

ట్యునిస్ అనుభవం రెండు విషయాలు తెలుపుతున్నది. మరమ్మతుకు స్థిరమైన రాబడి, దానికి జవాబుదారీ గల ఒక కర్త లేనిదే ఏ మహల్లా నిలవదు. వెనుకటి వక్ఫ్ ఈ రెంటినీ సమకూర్చింది. సంరక్షణ సంఘం, అప్పులు, పురపాలక నిధులు ఆ స్థానాన్ని కొంతవరకే పూరించగలిగాయి. ఇక రెండవది మరింత ముఖ్యం. మహల్లా అంటే గోడలు కాదు, గోడకు అటూ ఇటూ ఉన్న పొరుగువారు. ఇబ్న్ అర్రామీ గోడను కొలిచింది గోడకోసం కాదు, దాని ఇరువైపులా ఉన్న మనుషుల హక్కుకోసం. వక్ఫ్ మకాన్లు, పాత మస్జిద్‌లు, పూర్వీకుల ఇండ్లు ఉన్న ప్రతి ఊరిలోనూ బాధ్యతగల ప్రతి వ్యక్తీ తనను తాను అడుగవలసిన ప్రశ్నలు ఇవే: ఈ సంవత్సరపు ఆదాయంలో మరమ్మతుకు ఎంత తీశాము? బాగుచేసిన ఇంట్లో రేపు నివసించేది ఎవరు?