న్యూయార్క్, హ్యూస్టన్ నగరాల నివాసయోగ్యత: తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికా నగరాల జీవనవ్యయాన్ని చర్చించేటప్పుడు ఇంటి అద్దె, ఇంటి ధర అనే రెండు అంశాలే ఎక్కువగా పరిగణనలోకి వస్తున్నాయి. ఈ కొలమానం ప్రకారం న్యూయార్క్ ఖరీదైన నగరం, హ్యూస్టన్ చౌక నగరం. అయితే భూవినియోగ విధానం, రవాణా, పన్నులు, ప్రకృతి విపత్తులు అనే అంశాలను కలిపి చూస్తే ఈ నిర్ణయం అసంపూర్ణమని తెలుస్తుంది. న్యూయార్క్ తన వెలను అద్దె రూపంలో ముందుగానే వసూలు చేస్తుంది. హ్యూస్టన్ అదే వెలను దూరం, వాహనం, వరద రూపాలలో తరువాత వసూలు చేస్తుంది. ఈ భేదాన్ని వివరించి, అమెరికా తెలుగు కథల అధ్యయనానికి దానివల్ల కలిగే ప్రయోజనాన్ని సూచించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: నివాసయోగ్యత, న్యూయార్క్, హ్యూస్టన్, జోనింగ్, రవాణా, వరదలు, వలస జీవితం, అమెరికా తెలుగు కథ.

1. ప్రవేశిక

అమెరికా తెలుగు సాహిత్యంపై జరిగిన పరిశోధనల్లో ‘అమెరికా’ అనే మాట తరచుగా ఒకే స్థలాన్ని సూచించే పదంగా ప్రయోగింపబడుతోంది. కథ ఏ నగరంలో జరిగినా, పాత్రల జీవితానుభవాన్ని ‘అమెరికా జీవితం’ అనే శీర్షిక కిందనే వింగడించడం ఆనవాయితీ అయింది. వాస్తవానికి అమెరికాలో ఇల్లు, బడి, రోడ్డు, పన్ను మొదలైన నిత్యజీవిత విషయాలలో అధికభాగం రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల పరిధిలోనివి. అందువల్ల రెండు నగరాల మధ్య జీవనవిధానంలో మౌలికమైన భేదం ఏర్పడుతుంది. ఈ భేదం స్పష్టంగా కనిపించే జంటగా న్యూయార్క్, హ్యూస్టన్ నగరాలను ఇక్కడ స్వీకరించడం జరిగింది. జనసంఖ్యలో న్యూయార్క్ అమెరికాలో మొదటి స్థానంలోనూ, హ్యూస్టన్ నాలుగవ స్థానంలోనూ ఉన్నాయి.

2. నగర స్వరూపం

న్యూయార్క్ పదిహేడవ శతాబ్దపు డచ్చివారి రేవుపట్టణం. 1811 నాటి ప్రణాళిక మన్‌హాటన్ వీధులను గళ్లుగా విభజించింది. 1898లో అయిదు బరోలు కలిసి నేటి నగరం ఏర్పడింది. హ్యూస్టన్ 1836లో అలెన్ సోదరులు బఫెలో బయూ ఒడ్డున స్థాపించిన పట్టణం. బయూ అంటే చదునైన నేలమీద మందంగా పారే వాగు. 1914లో ఓడల కాలువ ప్రారంభం కావడం, చమురు పరిశ్రమ విస్తరించడం ఈ పట్టణాన్ని మహానగరంగా మార్చాయి.

2020 జనగణన ప్రకారం న్యూయార్క్ జనాభా 88,04,190. హ్యూస్టన్ జనాభా 23,04,580. భూవైశాల్యం మాత్రం ఇందుకు విలోమంగా ఉంది. న్యూయార్క్ సుమారు 780 చదరపు కిలోమీటర్లలో ఉండగా, హ్యూస్టన్ సుమారు 1,660 చదరపు కిలోమీటర్లలో విస్తరించింది. అంటే చదరపు కిలోమీటరుకు న్యూయార్క్‌లో దాదాపు 11,300 మంది, హ్యూస్టన్‌లో దాదాపు 1,400 మంది నివసిస్తున్నారు. ఈ ఎనిమిది రెట్ల తేడా తరువాతి అంశాలన్నింటికీ మూలం.

3. భూమి, ఇల్లు

నగరంలో ఏ స్థలాన్ని నివాసానికి, ఏ స్థలాన్ని వ్యాపారానికి, ఏ స్థలాన్ని పరిశ్రమకు వాడాలో, భవనం ఎంత ఎత్తు ఉండాలో నిర్దేశించే చట్టాన్ని జోనింగ్ అంటారు. అమెరికాలో నగరమంతటికీ వర్తించే సమగ్ర జోనింగ్ చట్టాన్ని మొదట చేసింది న్యూయార్క్. 1915లో పూర్తయిన ఈక్విటబుల్ భవనం చుట్టుపక్కల వీధులకు వెలుగు రాకుండా చేయడం 1916 నాటి ఈ చట్టానికి ఒక ప్రేరణ. హ్యూస్టన్‌లో ఇటువంటి జోనింగ్ లేదు. 1948, 1962, 1993 సంవత్సరాలలో ఓటర్లు దీనిని తిరస్కరించారు.

జోనింగ్ లేకపోవడం అంటే నియమాలు లేకపోవడం కాదు. హ్యూస్టన్‌లోని అనేక కాలనీలలో ఇంటి దస్తావేజులోనే స్థలాన్ని నివాసానికి మాత్రమే వాడాలనే షరతు ఉంటుంది. దీనిని ఉల్లంఘించినవారిపై నగరపాలక సంస్థ స్వయంగా దావా వేయగలదు. ప్లాటు కనీస పరిమాణానికి కూడా నిబంధనలున్నాయి. నగర మధ్యభాగంలో దీనిని 1998లో 1,400 చదరపు అడుగులకు తగ్గించారు. ఒక పాత ఇంటి స్థానంలో మూడు నాలుగు ఇళ్లు కట్టే వీలు దీనివల్ల కలిగింది. కొత్త ఇళ్లు సులభంగా రావడమే హ్యూస్టన్‌లో ధరలు అదుపులో ఉండడానికి ముఖ్యకారణం.

న్యూయార్క్‌లో ఇందుకు భిన్నమైన స్థితి కనిపిస్తుంది. 2023 నాటి నగర గృహ సర్వేలో అద్దెకు ఖాళీగా దొరికే ఇళ్లు 1.41 శాతం మాత్రమే. మూడింట రెండు వంతుల కుటుంబాలు అద్దె ఇళ్లలోనే ఉంటున్నాయి. వీరిలో ఇప్పటికే స్థిరపడినవారికి చట్టం అండ ఉంది. దాదాపు పది లక్షల అపార్ట్‌మెంట్లలో ఏటా అద్దె ఎంత పెంచవచ్చో ప్రభుత్వ మండలి నిర్ణయిస్తుంది. టెక్సాస్‌లో విపత్తు సమయంలో తప్ప నగరాలు అద్దెను నియంత్రించడానికి రాష్ట్రచట్టం అనుమతించదు. కనుక న్యూయార్క్ ఇప్పటికే లోపల ఉన్నవారిని కాపాడుతుంది, హ్యూస్టన్ కొత్తగా వచ్చేవారికి తలుపు తెరుస్తుంది.

తలుపు తెరిచిన నగరంలో అందరికీ సమానమైన స్థానం లభించిందని చెప్పలేము. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ బుల్లార్డ్ 1979లో ప్రారంభించిన అధ్యయనం ప్రకారం హ్యూస్టన్ నగర యాజమాన్యంలోని అయిదు చెత్తకుప్పల స్థలాలూ నల్లజాతివారి వాడల్లోనే ఉన్నాయి. దస్తావేజు షరతులను తయారు చేసుకొని, వాటిని నిలబెట్టుకోగల స్తోమత ఉన్న కాలనీలకే ఆ రక్షణ దక్కింది. అయితే జోనింగ్ ఉన్న న్యూయార్క్‌లో కూడా పేదవాడలకు రక్షణ కరవైంది. రాబర్ట్ మోజెస్ ఆధ్వర్యంలో నిర్మించిన క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే వేలాది కుటుంబాలను నిర్వాసితులను చేసింది.

4. ప్రయాణం

న్యూయార్క్ సబ్‌వే 1904 అక్టోబరు 27న ప్రారంభమైంది. నేడు 472 స్టేషన్లతో రాత్రింబవళ్లు నడుస్తోంది. ఈ నగరంలో సగానికి పైగా కుటుంబాలకు సొంత కారు లేదు. 2025 జనవరి నుండి మన్‌హాటన్‌లో 60వ వీధికి దక్షిణంగా ప్రవేశించే కార్లపై పగటివేళ 9 డాలర్ల రుసుము కూడా విధిస్తున్నారు. హ్యూస్టన్‌లో నేటి రైలు వ్యవస్థ 2004లో మొదలై మూడు మార్గాలకు పరిమితమైంది. కేటీ ఫ్రీవే విస్తరణ 2008లో పూర్తయింది. పక్కరోడ్లతో కలిపి కొన్నిచోట్ల దీనికి 26 వరుసలున్నాయి.

కారు హ్యూస్టన్‌లో సౌకర్యం కాదు, నివాసానికి ముందుషరతు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే రెండు కార్లు తప్పవు. వాటి కొనుగోలు, బీమా, ఇంధనం, మరమ్మతు ఖర్చులను ఇంటి ధరకు జతచేస్తేనే నిజమైన వెల తెలుస్తుంది. డబ్బు రూపంలో లెక్కించలేని మరొక భారం కూడా ఉంది. కారు నడపలేని పిల్లలు, వృద్ధులు, కొత్తగా వచ్చిన గృహిణులు ప్రతి అవసరానికీ మరొకరిపై ఆధారపడవలసి వస్తుంది. న్యూయార్క్‌లో ఇరుకు ఇంట్లో ఉండే వృద్ధుడు కూడా కాలినడకన కూరగాయల దుకాణానికి వెళ్లి రాగలడు. అయితే ఎన్నో సబ్‌వే స్టేషన్లలో లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్నవారికి ఈ స్వేచ్ఛ మెట్ల దగ్గరే ఆగిపోతుంది.

5. పన్నులు, ప్రజాసేవలు

టెక్సాస్‌లో వ్యక్తిగత ఆదాయంపై రాష్ట్రపన్ను లేదు. 2019లో రాజ్యాంగ సవరణ ద్వారా దీనిని నిషేధించారు కూడా. న్యూయార్క్ వాసి కేంద్రపన్నుతోపాటు రాష్ట్రపన్ను, నగరపన్ను అనే మరి రెండు ఆదాయపు పన్నులు చెల్లించాలి. ఇక్కడ కూడా హ్యూస్టన్ చౌకగా కనిపిస్తుంది. కాని టెక్సాస్‌లో స్థానిక ప్రభుత్వాలకు ఆస్తిపన్నే ప్రధాన ఆధారం కనుక ఆ రేటు దేశంలోని అధికమైన వాటిలో ఒకటి. ఉద్యోగం పోతే ఆదాయపు పన్ను తగ్గుతుంది, ఆస్తిపన్ను మాత్రం తగ్గదు.

ఆరోగ్య విషయంలో ఒక వైరుధ్యాన్ని గమనించాలి. ప్రపంచంలోనే అతిపెద్ద వైద్యసముదాయమైన టెక్సాస్ మెడికల్ సెంటర్ హ్యూస్టన్‌లో ఉంది. అయినా ఆరోగ్యబీమా లేనివారి శాతం అమెరికా రాష్ట్రాలన్నింటిలో టెక్సాస్‌లోనే ఎక్కువ. ఇల్లు లేనివారి విషయంలో మాత్రం హ్యూస్టన్ ఇతర నగరాలకు ఆదర్శమైంది. న్యూయార్క్ 1981 నాటి కోర్టు ఒప్పందం వల్ల నిరాశ్రయులకు రాత్రి బస కల్పించడానికి కట్టుబడింది. హ్యూస్టన్ నేరుగా స్థిరమైన ఇంటినే చూపే విధానంతో 2011 తరువాత వారి సంఖ్యను సగానికి పైగా తగ్గించగలిగింది. ఇళ్లు సులభంగా దొరకడం ఈ విజయానికి తోడ్పడింది.

6. వాతావరణం, విపత్తులు

న్యూయార్క్ చలి, హ్యూస్టన్ ఉక్క అందరికీ తెలిసినవే. నివాసయోగ్యతను నిర్ణయించేవి ఋతువులకంటె విపత్తులే. 2017 ఆగస్టులో హార్వే తుఫాను హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో లక్షన్నర ఇళ్లను ముంచింది. 1940లలో కట్టిన ఆడిక్స్, బార్కర్ జలాశయాల ముంపు ప్రాంతంలోపలే కాలనీలు వెలిశాయి. సాధారణ గృహబీమా వరదనష్టాన్ని భరించదు. మునిగిన ఇళ్లలో అధికభాగానికి ప్రత్యేక వరదబీమా లేదు. సులభంగా కట్టనిచ్చే విధానమే నీరు నిలిచే నేలమీద కూడా కట్టనిచ్చింది. 2021 ఫిబ్రవరి మంచుతుఫానులో టెక్సాస్ విద్యుత్ వ్యవస్థ విఫలమై లక్షలాది ఇళ్లు రోజుల తరబడి చీకట్లో గడిపాయి.

న్యూయార్క్ సురక్షితమని దీని అర్థం కాదు. 2012 శాండీ తుఫానులో సబ్‌వే సొరంగాలు మునిగాయి. 2021 సెప్టెంబరు 1న ఐడా తుఫాను అవశేషాల వల్ల సెంట్రల్ పార్కులో ఒక గంటలో 3.15 అంగుళాల వర్షం కురిసింది. ఆ రాత్రి నగరంలో మరణించిన 13 మందిలో 11 మంది నేలమాళిగ ఇళ్లలో ఉన్నవారే. పై అంతస్తు అద్దె చెల్లించలేనివారు భూమికి దిగువన నివసించడం ఈ మరణాలకు మూలకారణం. హ్యూస్టన్‌లో చౌకనేల, న్యూయార్క్‌లో చౌకగది ఒకే ఫలితాన్ని ఇచ్చాయి.

7. అమెరికా తెలుగు కథాధ్యయనానికి సూచనలు

ఈ రెండు నగరప్రాంతాలలోనూ తెలుగువారున్నారు. న్యూయార్క్‌లోని ఫ్లషింగ్ గణపతి ఆలయంలో 1977లో ప్రతిష్ఠ జరిగింది. సబ్‌వేలో ఫ్లషింగ్ వరకు వచ్చి, అక్కడనుండి బస్సులో ఆలయాన్ని చేరవచ్చు. హ్యూస్టన్‌కు దక్షిణంగా పియర్‌లాండ్‌లో ఉన్న మీనాక్షి ఆలయానికి కారే ప్రధాన సాధనం. న్యూయార్క్‌లో ఉద్యోగం చేసే తెలుగువారిలో అనేకులు పొరుగున ఉన్న న్యూజెర్సీలో నివసిస్తారు. కనుక ‘న్యూయార్క్ కథ’ అని పేరుపడినది కూడా నిజానికి శివారు కథ కావచ్చు.

అమెరికా నేపథ్యంగా వచ్చిన తెలుగు కథలలో పిల్లల దగ్గరకు వచ్చిన తల్లిదండ్రుల ఒంటరితనం పదేపదే కనిపించే ఇతివృత్తం. విమర్శకులు దీనిని సాధారణంగా సంస్కృతుల సంఘర్షణగా, తరాల అంతరంగా వ్యాఖ్యానిస్తారు. ఆ వ్యాఖ్యానం ఎంత సముచితమైనా, మరొక ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆ తల్లి ఇంట్లోనే ఉండిపోవడానికి కారణం పరాయి సంస్కృతియా, లేక బస్సు రాని వీధియా? కథలో కారు, దూరం, గది పరిమాణం, అద్దె, వరద అనే వివరాలను కేవలం నేపథ్యంగా కాక కథాహేతువులుగా చదివితే ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. న్యూయార్క్ వెల అద్దెలోనూ పన్నులోనూ ముందే కనిపిస్తుంది. హ్యూస్టన్ వెలలో కొంతభాగం కారు, ఆస్తిపన్ను, వరదనష్టం రూపాలలో తరువాత బయటపడుతుంది.

2. సొంత ఇల్లు, విశాలమైన స్థలం కోరే, వాహనం నడపగల మధ్యవయసు కుటుంబానికి హ్యూస్టన్ అనుకూలం. వాహనం లేనివారికి, ఒంటరిగా ఉండేవారికి, నడవగలిగిన వృద్ధులకు అద్దె భరించగలిగితే న్యూయార్క్ అనుకూలం. కనుక నివాసయోగ్యత నగరానికి మాత్రమే చెందిన గుణం కాదు. అది నగరానికీ, కుటుంబపు జీవనదశకూ మధ్య ఉండే సంబంధం.

3. రెండు నగరాలలోనూ చౌకగా దొరికిన చోటనే ప్రమాదం ఎక్కువగా కేంద్రీకృతమైంది. నగరాలను పోల్చేటప్పుడు సగటు అద్దెతోపాటు ఆ నగరంలో అతి తక్కువ అద్దె చెల్లించేవాడు ఎక్కడ నిద్రిస్తున్నాడో కూడా చూడాలి.

4. అమెరికా తెలుగు కథలను అధ్యయనం చేసే పరిశోధకులు ‘అమెరికా’ను ఏకస్థలంగా కాక నగరాల సముదాయంగా గ్రహించాలి. కథాస్థలాన్ని నగరాల వారీగా, శివారుల వారీగా వర్గీకరించుకొంటే పాత్రల ఒంటరితనానికి, స్వేచ్ఛకు గల భౌతిక కారణాలు స్పష్టమవుతాయి.