మితాక్షరలో ఒక చిన్న మాట

న్యాయాధిపతి తీర్పు చెప్పును. శాసనసభ చట్టము చేయును. ఈ రెండధికారములును లేని న్యాయశాస్త్రవేత్తకు ధర్మనిర్ణయమున చోటెక్కడ? శ్రోతలు తరచు వినియుండు మితాక్షర చరిత్రనే ఇందులకు ఉదాహరణముగా గైకొందము.

కల్యాణి చాళుక్యచక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలమున (1076–1126) విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్య రచించెను. పేరునకే మితము, గ్రంథము మాత్రము పెద్దది. 13వ శతాబ్దిలో కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను.

స్మృతివాక్యములు క్లుప్తములు, పలుచోట్ల ఒకదానితో నొకటి పొసగవు. వానికి పొందిక కుదుర్చుటయే శాస్త్రవేత్త పని. ‘పిండ’ మనగా శరీరమని చెప్పి విజ్ఞానేశ్వరుడు రక్తసంబంధమును వారసత్వమునకు ఆధారము చేసెను. వంగదేశీయుడైన జీమూతవాహనుడు తన దాయభాగమున పితరులకిడు పిండమునే ఆధారముగా గొనెను. ఇద్దరి వెనుకను రాజాజ్ఞ లేదు. ఎవరి తర్కమును ఏ సీమవారు అంగీకరించిరో అచ్చట అదియే ధర్మమయ్యెను.

మాకు వీనికంటె ముఖ్యముగా దోచునది స్త్రీధన విచారము. యాజ్ఞవల్క్యుడు తలిదండ్రులిచ్చినది, వివాహాగ్ని యెదుట నొసగబడినది అని కొన్నింటిని లెక్కించి, తుదకు ‘ఆద్య’ మని విడిచెను. ‘మొదలైనవి’ యనుటకు మించి అందేమున్నది? విజ్ఞానేశ్వరుడా చిన్న మాటను పట్టుకొని, వారసత్వమున, విభాగమున, క్రయమున లభించినదంతయు స్త్రీధనమే యనెను. అది పరిభాష కాదు, స్త్రీయొక్క ధనమనియే అర్థమని ఆయన వాదము.

ఆంగ్లేయుల పాలనలో మన వ్యాజ్యములకు తుదితీర్పు చెప్పిన లండనులోని ప్రీవీ కౌన్సిల్, మితాక్షరను ప్రమాణముగా గొనియు ఈ యర్థమును త్రోసిపుచ్చెను. భర్త యాస్తిని వితంతువు అనుభవింపవచ్చును. తగిన యవసరము లేనిదే అమ్మరాదు. ఆమె తరువాత అది భర్త వారసులకే చేరును. ఆమె అమ్మిన పొలమునకై దాయాదులు దావా వేయుట మన కోర్టులలో పరిపాటి యయ్యెను. వ్యాఖ్యాత తెరచిన తలుపును న్యాయస్థానము మూసెననుట అతిశయోక్తి కాదు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టము 14వ సెక్షను స్త్రీకి తన యాస్తిపై సంపూర్ణాధికారమిచ్చెను. ఆ సెక్షను వివరణలో వారసత్వము, విభాగము, క్రయము అను మాటలు వరుసగా కానవచ్చునపుడు విజ్ఞానేశ్వరుని పట్టికయే జ్ఞప్తికి వచ్చును. పుట్టుకతో వచ్చు హక్కును మాత్రము ఆయన కుమార్తెలకు చెప్పలేదు. అది ఆంధ్రప్రదేశమున 1985 నుండియు, దేశమంతట 2005 నుండియు శాసనములవలన లభించినది.