అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిన కంప్యూటర్: ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చేయండి



విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందుకే చాలా ఇళ్లలో పాత కంప్యూటర్లను విండోస్ 11కి మార్చుకుంటున్నారు. మధ్యలో కరెంటు పోయినా, డిస్కులో చోటు చాలకపోయినా, పాత డ్రైవర్ కుదరకపోయినా పని సగంలో ఆగి తెర నల్లగానో నీలంగానో ఉండిపోతుంది. కంగారుపడి అంగడికి తీసుకెళ్లి ఫార్మాట్ కొట్టించేస్తాం. కంప్యూటర్ బాగవుతుంది గానీ పిల్లల ప్రాజెక్టులు, ఫోటోలు, స్కాన్ చేసిన సర్టిఫికెట్లు పోతాయి. నిజానికి పాడైంది విండోస్ మాత్రమే. మీ ఫైళ్లు చాలావరకు డిస్కులో అలాగే ఉంటాయి.

ఈ వరుసలో చేయండి:

1. ముందు ఓపిక పట్టండి. శాతం అంకె కదలకపోయినా డిస్కు లైటు మినుకుమంటుంటే పని జరుగుతున్నట్టే. రెండు మూడు గంటలు చూడండి. ఛార్జర్ తీయకండి.

2. అప్పటికీ కదలకపోతే పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టి ఆపండి. పెన్‌డ్రైవ్, ప్రింటర్ తీసేసి మళ్లీ ఆన్ చేయండి. చాలాసార్లు విండోస్ తనంతట తానే పాత వెర్షన్‌కి వెళ్లిపోతుంది.

3. రెండు మూడుసార్లు వరుసగా ఆన్ కాకపోతే రికవరీ తెర వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోకి వెళ్లి ముందు స్టార్టప్ రిపేర్, తర్వాత అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్, ఆపైన సిస్టమ్ రిస్టోర్ ప్రయత్నించండి. బిట్‌లాకర్ అని 48 అంకెల కీ అడిగితే భయపడవద్దు. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ఫోన్‌లో చూసుకోవచ్చు.

4. ఏదీ కుదరలేదా? ముందు ఫైళ్లు బయటికి తీయండి. వేరే కంప్యూటర్‌లో ఉబుంటు లాంటి లినక్స్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, దానితో ఆన్ చేయండి. 'ఇన్‌స్టాల్' కాదు, 'ట్రై' అన్నది నొక్కి ఫైళ్లు ఇంకో డిస్కులోకి కాపీ చేసుకోండి. బిట్‌లాకర్ ఉంటే ఇక్కడా ఆ కీ కావాలి.

5. ఆ తర్వాతే 'రీసెట్ దిస్ పీసీ'. అందులో 'కీప్ మై ఫైల్స్' ఎంచుకోండి. మీరు వేసుకున్న ప్రోగ్రాములు మాత్రం పోతాయి.

విండోస్ 11 వచ్చాక నచ్చకపోతే 10 రోజుల లోపు సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో 'గో బ్యాక్' నొక్కి వెనక్కి వెళ్లవచ్చు.

తెలుగు ఫైళ్ల సంగతి: అను ఫాంట్లలో టైపు చేసిన పాత ప్రశ్నపత్రాలు, వ్యాసాలు కొత్త విండోస్‌లో పిచ్చి అక్షరాల్లా కనిపించవచ్చు. ఫైలు పాడైందని తీసేయకండి. ఆ ఫాంటు మళ్లీ వేస్తే సరిపోతుంది. యూనికోడ్‌లో టైపు చేసినవాటికి ఈ చిక్కు లేదు.

పాత ల్యాప్‌టాప్‌లు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు, టీపీఎమ్ 2.0 చిప్ కావాలి. ఇవి లేని పాతవాటిని బలవంతంగా మార్చబోయి చిక్కుల్లో పడకండి. వాటికి లినక్సే మేలు. సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ ఉచితమే.

తెర మీద ఫోన్ నంబరు కనిపించి కాల్ చేయమంటే చేయవద్దు. అసలైన విండోస్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్లు ఉండవు.

చివరి మాట పిల్లలకు. 2018 అక్టోబరులో వచ్చిన ఒక విండోస్ 10 అప్‌డేట్ కొందరి ఫైళ్లను చెరిపేసింది. మైక్రోసాఫ్ట్ దాన్ని కొద్ది రోజుల్లోనే ఆపేసి, నవంబరులో సరిచేసి మళ్లీ ఇచ్చింది. అంత పెద్ద సంస్థకే పొరపాటు జరిగింది. కాబట్టి అప్‌గ్రేడ్ నొక్కే ముందు ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టుకోండి. పరీక్షలు దగ్గరపడ్డాక ఈ పని పెట్టుకోనే వద్దు.