ముసలి బావికి మళ్లీ ఊపిరి

ఇంట్లో ఎక్కడైనా పాత రూపాయి నోటు దాచి ఉంటే ఓసారి వెనక్కి తిప్పి చూడండి. సముద్రం మధ్యలో కాళ్లు దించుకుని నిలబడ్డ ఓ ఇనుప కట్టడం కనిపిస్తుంది. అదే సాగర్ సమ్రాట్. 1974 ఫిబ్రవరిలో, ముంబయి తీరానికి 160 కిలోమీటర్ల దూరాన, అరేబియా సముద్రం అడుగున చమురు జాడ పట్టింది ఈ రిగ్గే. ఆ క్షేత్రమే నాటి బాంబే హై, నేటి ముంబయి హై. రెండేళ్లు తిరిగేసరికి, 1976 మేలో, చమురు రావడం మొదలైంది. మంచి వయసులో ఉన్నప్పుడు, అంటే 1980ల్లో, రోజుకు నాలుగు లక్షల బ్యారెళ్లకు పైగా ఇచ్చింది.

2024 నాటికి అది దాదాపు లక్షా 34 వేలకు పడిపోయింది. మరి చమురు అయిపోయిందా? లేదు. లోపల ఉంది... పైకి రావడం లేదంతే!

సాంబార్లో ఇడ్లీ
నేల అడుగున చమురు చెరువులా నిండి ఉంటుందని చాలామంది అనుకుంటారు. కానేకాదు. ఇడ్లీలో సాంబారు ఇంకినట్టు సున్నపురాయి సందుల్లో ఇంకి ఉంటుంది. కొత్తలో లోపల ఒత్తిడి ఎక్కువ కాబట్టి, బావి తవ్వగానే దానంతటదే తన్నుకొస్తుంది. తోడేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది. చమురు తగ్గి నీళ్లు పెరుగుతాయి. ప్రపంచంలోని క్షేత్రాల్లో సగటున మూడోవంతు చమురే బయటికొస్తుంది. మిగతాదంతా రాతిలోనే!

దాన్ని రాబట్టడమే అసలు విద్య. పక్క బావుల్లోంచి శుద్ధిచేసిన సముద్రపు నీటిని పంపి చమురును ముందుకు నెడతారు. బావి గొట్టంలోకి గ్యాస్ ఎక్కించి, లోపలి ద్రవాన్ని తేలిక చేసి పైకి తెస్తారు. రాతి సందులు పూడుకుపోతే ఆమ్లం పోసి తెరుస్తారు. పాత బావిలోంచే పక్కకు దారి మళ్లించి, అంతవరకూ తాకని పొరల్లోకి వెళ్తారు.

ముంబయి హైకి ఈ చికిత్సను ఓఎన్‌జీసీ 2000లో పెద్దఎత్తున మొదలుపెట్టింది. 2025లో సాంకేతిక సాయం కోసం బ్రిటన్ సంస్థ బీపీని పదేళ్లకు ఎంచుకుంది. ఇప్పటి తీరున సాగితే వచ్చేదానికన్నా చమురు 44 శాతం, గ్యాస్ 89 శాతం పెంచొచ్చన్నది ఆ సంస్థ అంచనా. దేశానికి కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా బయటినుంచే కొంటున్నాం. అందుకే ఈ ఆరాటం.

ఇనుముకీ వయసొస్తుంది
బావికి ప్రాణం పోస్తే సరిపోదు, దాని చుట్టూ ఉన్న మనుషుల ప్రాణాలూ ముఖ్యమే. 2005 జులై 27న ముంబయి హైలో ఓ సహాయ నౌక ప్లాట్‌ఫాం గ్యాస్ గొట్టాన్ని గుద్దింది. మంటల్లో 22 మంది చనిపోయారు. అది వయసు తెచ్చిన ప్రమాదం కాదు. కానీ గొట్టం తెగితే ఏమవుతుందో చూపించింది. గొట్టం పాతబడితే ఏమవుతుందో మన కోనసీమకు తెలుసు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో తుప్పుపట్టిన పైపులైను నుంచి లీకైన గ్యాస్ అంటుకుని 20 మందికి పైగా బలయ్యారు.

ఇంతకీ సాగర్ సమ్రాట్ ఏమైంది? బావులు తవ్వే పని మానేసి, చమురు ఉత్పత్తి చేసే కేంద్రంగా కొత్త రూపు దిద్దుకుంది. 2022 డిసెంబరులో పశ్చిమ తీర సముద్రంలోనే మళ్లీ డ్యూటీ ఎక్కింది. ముసలితనానికి మందు ఉందన్నమాట! కాకపోతే పెద్దలు చెప్పినట్టు, మందుతోపాటు పథ్యమూ తప్పదు. ఇక్కడ పథ్యం పేరు భద్రత.