చేపు, జున్ను, ముర్రుపాలు

విశాఖ ఉక్కునగరమునకు తెల్లవారుజామున పనికి పోవువారి బస్సులు గాజువాక కూడలి దాటునప్పటికే, పెందుర్తి వైపు పల్లెలలోని గేదెల పాకలయందు వేఱొక కర్మాగారము మేల్కొనియుండును. పాలు పితుకువాడు ముందుగా దూడను విడుచును. అది నాలుగు గుటకలు చీకి తలతో పొదుగును కుమ్మగానే, అంతవఱకు వాడినట్లున్న చన్నులు నిండి బిగియగా, గేదె చేపినదని అతడు దూడను లాగి రాటకు కట్టివైచును.

ఈ చేపు వెనుక నున్నది ఆక్సిటోసిన్ అను హార్మోను. దూడ స్పర్శ నరములవెంట మెదడును చేరగా, పీయూషగ్రంథినుండి వెలువడిన ఆ రసము రక్తమున పడి, నిమిషములోపల పొదుగునకు వచ్చి, పాలతిత్తుల చుట్టునున్న కణములను బిగించి పాలను బయటికి నెట్టును. (సంస్కృతమున పీయూషమనగా అమృతమే కాక, ఈనిన ఆవు తొలిపాలు కూడను, ఆ గ్రంథికి ఇంతకంటె తగిన పేరేమి కలదు?) తొమ్మిది అమైనో ఆమ్లముల గొలుసైన దీని నిర్మాణమును 1953లో తేల్చి, ప్రయోగశాలలో తయారుచేసిన డు విగ్నో అను అమెరికా శాస్త్రజ్ఞునకు 1955లో నోబెల్ బహుమానము లభించినది.

దూడ చచ్చిన గేదెకు ఇదే మందును సూదితో ఎక్కించి పాలు పిండుదురని, ఆ పాలు త్రాగిన ఆడపిల్లలు త్వరగా ఈడేరుదురని పట్టణములలో ఒక భయము వ్యాపించియున్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2014లో ప్రకటించిన పరిశోధనలో, సూది వేసినంతమాత్రమున పాలలో ఆక్సిటోసిన్ పెరుగుట కనబడలేదు. పాలతో వచ్చిన కొంచెమును మన జీర్ణరసములు ముక్కలు చేయును. అయినను ఆ సూదిని నేను సమర్థింపను. బాధ గేదెది, పశువు ఆరోగ్యమును చెఱచు అట్టి సూదులను 1960నాటి జంతుహింసా నివారణ చట్టము నిషేధించియే యున్నది.

ఇక జున్ను. మామూలు పాలు ఎంత కాచినను పొంగునే కాని గడ్డకట్టవు. ఏలయనగా వానిలోని మాంసకృత్తులలో అధికభాగమైన కేసీను వేడికి లొంగదు. కాని ఈనిన గేదె తొలిపాలలో బెల్లమును మిరియాలపొడియు కలిపి ఆవిరిపై నుంచినచో, తోడు లేకయే ముద్దకట్టును. ఆ పాలలో దట్టముగా నుండి, వేడికి పేరుకొను ఇమ్యునోగ్లోబ్యులినులు అను రోగరక్షక మాంసకృత్తులే ఇందులకు ముఖ్యకారణము. మానవశిశువు తల్లి గర్భముననే ఇట్టి రక్షకములను కొంత పొందును. దూడకు మాత్రము మాయ వానిని సాగనీయదు గావున అది రిక్తహస్తములతో పుట్టును. దాని ప్రేగులు తొలి దినమున ఈ మాంసకృత్తులను విఱుగకుండ రక్తములోనికి పోనిచ్చి, ఇంచుమించు ఇరువదినాలుగు గంటలకు ఆ ద్వారమును మూసివేయును. దూడ బరువులో పదవవంతు తొలిపాలు త్రాగింపవలెనని పశువైద్యులు చెప్పుదురు. అటుపిమ్మట మిగిలినదే జున్ను కావలెను; గిన్నెలో గడ్డకట్టినది దూడ కవచము, మనకు దక్కునది రుచియు పోషణయు మాత్రమే. జున్ను తిన్నవారికి గేదె రోగనిరోధకశక్తి వచ్చునని చెప్పువారిని నమ్మకుడు.

అక్కిరెడ్డిపాలెపు విశాఖ డెయిరీ ప్యాకెట్టు పాలనైనను మన యిల్లాండ్రు మఱల కాచుదురు. కాచిన పాలలో ఇట్టి సున్నితపు మాంసకృత్తులు పెక్కు చెడునన్నది నిజమే. క్షయను కలిగించు క్రిములు కూడ చచ్చునన్నది అంతకంటె ముఖ్యము.

కాచ నక్కఱలేని పాలు బాలింతవి. ఇనుమును పట్టి బంధించి క్రిములను మాడ్చు లాక్టోఫెరిను, క్రిముల గోడలను ఛేదించు లైసోజైము, ప్రేగులకు లోపూతవలె నిలుచు ఐజీఏ అను రక్షకము ఇందున్నవి. లైసోజైమైతే ఆవుపాలకంటె వేలరెట్లు అధికము. ఇవి మిక్కిలి చిక్కగా నుండునవి ముర్రుపాలు. కాన్పైన గంటలోపల వానిని పట్టవలెనని నేటి వైద్యులు చెప్పుచున్నారు. కాని గేదె తొలిపాలను ఇరుగుపొరుగులకు గిన్నెలతో పంచిపెట్టిన మన యిండ్లలోనే, బాలింత తొలిపాలు పచ్చగా నున్నవని పిండి పాఱబోసి, బిడ్డ నాలుకకు తేనె నాకించిన రోజులు మన నాయనమ్మలు ఎఱుగుదురు. ఆ పాఱబోసినది ఏపాటిది? ఒక పూటకు ఉగ్గుగిన్నె అడుగు తడిసినంత.